ఉద్యోగం పోతే ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నుంచి డబ్బులొస్తాయంట, ఎవరికైనా వచ్చాయా? రిజైన్ లెటర్ మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

జీడిమెట్ల_ఆపరేటర్ (శనివారం, రాత్రి 11:10)

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే ఫస్ట్ టైం, తప్పులుంటే ఏమనుకోకండి. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఆరేళ్లుగా మిషన్ ఆపరేటర్‌ని, జీతం 18 వేలు, పీఎఫ్ ఈఎస్‌ఐ రెండూ కట్ అవుతాయి. ఈరోజు షిఫ్ట్ దిగే టైంకి మా లైన్‌లో పదకొండు మందిని ఆఫీసులోకి పిలిచారు. ఆర్డర్లు లేవు, లైన్ ఎత్తేస్తున్నాం, సోమవారం నుంచి రావద్దు అని చెప్పి ముందే టైప్ చేసి పెట్టుకున్న కాగితం తలా ఒకటి ఇచ్చారు. చదివితే "నా సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అని ఉంది. సంతకం పెడితే వారంలో సెటిల్‌మెంట్, పెట్టకపోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. ఏడుగురు అక్కడే పెట్టేశారు, వాళ్లనీ ఏమనలేం, ఒకటో తారీఖున అద్దె కట్టాలి కదా. నేను ఇంట్లో అడిగి చెప్తానని వచ్చేశా.

మా అమ్మకి షుగరు, బీపీ, మందులన్నీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీ నుంచే, కంటి ఆపరేషన్ కూడా సనత్‌నగర్ ఈఎస్‌ఐలోనే అయింది. పాప ఒకటో క్లాసు. డబ్బుల కంటే ముందు నాకు ఆ మందుల గురించే గుబులుగా ఉంది, కార్డు రేపట్నుంచే పనిచేయదా? ఇంకోటి, ఉద్యోగం పోయినోళ్లకి ఈఎస్‌ఐ సగం జీతం ఇస్తుందని మా బావమరిది ఎక్కడో విన్నాడంట. నిజమేనా, వచ్చినోళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

బెజవాడ_పీఎఫ్_పనులు (శనివారం, రాత్రి 11:24)

సంతకం పెట్టకు తమ్ముడూ. మిగతాది రేపు పొద్దున కూర్చుని వివరంగా రాస్తా, ఈలోపు ఎవరు ఫోన్ చేసి తొందరపెట్టినా ఆలోచించుకుని చెప్తా అను, అంతే.

మియాపూర్_అక్క (ఆదివారం, ఉదయం 7:02)

నేను హెచ్‌ఆర్‌లోనే పని చేస్తున్నా కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను. ఆ కాగితం మీద "సొంత కారణాలు" అని ఊరికే రాయలేదు. ఏడాదిలో 240 రోజులు పని చేసిన వర్కర్‌ని కంపెనీ తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు, నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి లేదా నెల జీతం ఇవ్వాలి, పైగా నిండిన ప్రతి సర్వీసు ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. నీకు ఆరేళ్లు అంటే 90 రోజులు, నీ జీతం మీద 54 వేల దగ్గర, నోటీసు నెల 18 వేలు వేరే. అదే నువ్వే మానేశానని రాసిస్తే ఇందులో ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక ఇంకోటి కలిసింది, రిట్రెంచ్ చేసిన ప్రతి వర్కర్‌కీ 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్‌కి (కొత్త పని నేర్చుకోడానికి పెట్టిన నిధి) యజమాని కట్టాలి, అది 45 రోజుల్లోపు వర్కర్ అకౌంట్లో పడాలి.

గ్రాట్యుటీ, అంటే సర్వీసుకి చివర్లో కంపెనీ ఇచ్చే డబ్బు, వేరే సంగతి, ఐదేళ్లు దాటాయి కాబట్టి నువ్వు మానేసినా వాళ్లు తీసేసినా రావాల్సిందే. పీఎఫ్ అయితే ఎలాగూ నీ డబ్బే. ఈ రెండూ ఇస్తాం అని చెప్పి సంతకం అడిగితే అది వాళ్లు కొత్తగా ఇస్తున్నది కాదని గుర్తుపెట్టుకో.

పోస్ట్ రాస్తుంటే నాకే బాధగా ఉంది. ఇలాంటి కాగితాలు మా దగ్గర కూడా ఒకప్పుడు టైప్ చేయించారు, నేను టైప్ చేశాను, అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, అందులో ఏముందో పూర్తిగా అర్థం కాలేదు.

బెజవాడ_పీఎఫ్_పనులు (ఆదివారం, ఉదయం 9:40)

అక్క చెప్పింది అక్షరాలా కరెక్ట్. ఇప్పుడు ఈఎస్‌ఐ సంగతి. ఇందులో రెండు స్కీములున్నాయి, చాలామంది రెండూ కలిపేసి గందరగోళం అవుతారు.

ఒకటి పాతది, రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా, లేదా పనికి సంబంధం లేని దెబ్బ తగిలి 40 శాతం పైన శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. మొదటి 12 నెలలు సగటు వేతనంలో సగం, తర్వాత 12 నెలలు పావు వంతు, ఆ కాలమంతా ఇంట్లో వాళ్లకి వైద్యం కూడా. అంటే తమ్ముడూ నీ చేతిలో రిట్రెంచ్‌మెంట్ లెటర్ ఉంటే నీకు 24 నెలల తలుపు తెరుచుకుంటుంది, ఆ "సొంత కారణాలు" కాగితం మీద సంతకం పెడితే ఆ తలుపు మూసుకుపోతుంది. నిన్న రాత్రి పెట్టకు అని ఒక్క ముక్కలో రాసింది అందుకే.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018 జూలై 1న పైలట్‌గా మొదలెట్టారు, అప్పట్లో సగటు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవాళ్లు, పైగా మూడు నెలలు ఖాళీగా ఉన్నాకే అప్లై చేయాలి. కరోనా టైంలో 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు, 30 రోజుల తర్వాతే అడగొచ్చు అన్నారు, యజమాని ద్వారా పంపాలనే రూల్ తీసేశారు, మనమే నేరుగా బ్రాంచ్ ఆఫీసుకి ఇచ్చుకోవచ్చు. మొత్తం 90 రోజులకే, జీవితంలో ఒక్కసారి. గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి వెళ్లేముందు ఇప్పుడు అమల్లో ఉందా అని బ్రాంచ్‌లో ఒక మాట అడగండి.

షరతులు: ఉద్యోగం పోయేనాటికి కనీసం రెండేళ్లుగా ఈఎస్‌ఐలో ఉండాలి. ఈఎస్‌ఐకి ఏడాదిలో రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్‌లు, అంటే జీతంలోంచి కట్టే ఆరేసి నెలల లెక్కలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. ఉద్యోగం పోకముందు దగ్గరి పీరియడ్‌లో 78 రోజులు, దానికి ముందు మూడింట్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు కంట్రిబ్యూషన్ ఉండాలి. తప్పు చేశాడని పంపేసినా, రిటైరైనా, సొంతంగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నా రాదు. ఉద్యోగం పోయిన ఏడాదిలోపే అడగాలి.

అమ్మగారి మందుల గురించి కంగారు పడకు. ఏప్రిల్–సెప్టెంబర్‌లో కట్టిన దానికి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబర్–మార్చిలో కట్టిన దానికి జూలై నుంచి డిసెంబర్ దాకా బెనిఫిట్ ఉంటుంది. ఉద్యోగం పోయిన మర్నాడే కార్డు ఆగిపోదు, కొన్ని నెలలు నడుస్తుంది. డిస్పెన్సరీలో కౌంటర్ దగ్గర ఎవరైనా లేదంటే ఈ పీరియడ్ సంగతి చెప్పి చూపించమను.

శ్రీసిటీ_లైన్_వర్కర్ (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

అన్నా నాకు వచ్చింది. అటల్ స్కీము. నేను శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్‌లో మూడేళ్లు చేశాను, మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఆర్డర్ అయిపోయిందని మా బ్యాచ్ అంతా పోయాం. ఈ డబ్బులుంటాయని మాలో ఒక్కళ్లకీ తెలీదు, మా హాస్టల్లో పక్క రూమ్ అమ్మాయి వాళ్ల నాన్న తమిళనాడులో యూనియన్ మనిషి, ఆయన చెప్పాడు.

ఎంతొస్తుందో లెక్క ఎట్లా వేస్తారంటే, ముందు నాలుగు పీరియడ్‌లలో అంటే రెండేళ్లలో వచ్చిన మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు, వచ్చినదాంట్లో సగం రోజుకి. నాకు మొదటి ఏడాది నెలకి 15 వేలు, రెండో ఏడాది 18 వేలు. మొత్తం 3,96,000. దాన్ని 730తో భాగిస్తే 542 చిల్లర, సగం 271 రూపాయల 23 పైసలు, 90 రోజులకి 24,410. ఈ లెక్క నేను నోట్‌బుక్‌లో వేసుకుని తీసకపోయాను, అకౌంట్లో పడినప్పుడు సరిపోయింది.

ఏం చేశానంటే, ఈఎస్‌ఐ సైట్‌లో నా ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయి క్లెయిమ్ ఫిల్ చేశా, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫస్ట్ పేజీ స్కాన్ చేసి పెట్టా. మొదట్లో 20 రూపాయల స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ అడిగేవాళ్లంట, అది తర్వాత తీసేశారు, నెట్ సెంటర్ అతను ఇంకా కావాలని చెప్పి దానికి 300 అడిగాడు, ఇవ్వొద్దు. నాకు మొత్తం రెండు నెలలు పట్టింది. ఆ డబ్బుతో మా చెల్లి పాలిటెక్నిక్ ఫీజు కట్టాను, మిగిలింది ఇంటికిచ్చాను. ఖాళీగా కూర్చున్నప్పుడు ఇంట్లో చేయి చాచకుండా మనమే కొంత ఇవ్వగలిగితే ఆ ధైర్యం వేరే అన్నా.

గాజువాక_ఫిట్టర్ (ఆదివారం, సాయంత్రం 5:48)

నాకు రాలేదు, ఎందుకు రాలేదో రాస్తా మిగతావాళ్లకి పనికొస్తుంది. ఆధార్‌లో నా పేరు ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటది, ఈఎస్‌ఐ రికార్డులో కాంట్రాక్టరు దగ్గర గుమస్తా ఒక్క అక్షరం ఇనీషియల్ వేసి వదిలేశాడు, బ్యాంకులో మళ్లీ ఇంటిపేరు వెనకాల. మూడు చోట్ల మూడు రకాలు. స్కీముకి ఆధార్, బ్యాంకు అకౌంట్ రెండూ ఇన్సూర్డ్ పర్సన్ డేటాలో లింక్ అయి ఉండాలి, పేరు కలవక లింక్ కాలేదు. దాన్ని సరిచేయించడానికి యజమాని సంతకం కావాలి అన్నారు, కాంట్రాక్టరేమో ఫోన్ ఎత్తడు. కాళ్లరిగేలా తిరిగా. అది తేలేసరికి ఏడాది దాటిపోయింది.

అందుకే చెప్తున్నా, ఉద్యోగం ఉన్నప్పుడే పేరు, పుట్టిన తేదీ, ఆధార్, బ్యాంకు, ఫోన్ నంబరు అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, ఉద్యోగం పోయాక మన మాట గేటు దగ్గర సెక్యూరిటీ కూడా వినడు.

బెజవాడ_పీఎఫ్_పనులు (ఆదివారం, రాత్రి 8:30)

ఫిట్టర్ గారూ మీ బాధ రోజూ నా టేబుల్ ముందు చూస్తా. మన తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వెనకాల గొడవ వల్ల ఆగిన క్లెయిములు ఎన్నో నా చేతి మీదుగా పోయాయి.

పీఎఫ్ గురించి ఎవరూ అడగలేదు గానీ నేనే చెప్తా. కంపెనీ వాళ్లు పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ వేయకుండా తొక్కిపెడితే బతిమాలక్కర్లేదు, చివరి కంట్రిబ్యూషన్ తర్వాత రెండు నెలలు దాటితే యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు. మొన్నటిదాకా ఉన్న రూల్ ప్రకారం ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం, రెండు నెలలకి మొత్తం తీసుకోవచ్చు. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ బోర్డు సమావేశంలో దీన్ని మార్చాలని నిర్ణయించారు, 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలలు ఖాళీగా ఉంటేనే, పెన్షన్ డబ్బైతే 36 నెలలకి. పోర్టల్‌లో ఏది చూపిస్తే అది చూసుకుని పెట్టుకోండి.

ఒక్క విన్నపం, పెన్షన్ భాగాన్ని వెంటనే తీసేయకండి. పదేళ్ల సర్వీసు నిండితేనే నెలనెలా పెన్షన్. ఆరేళ్లు చేసిన తమ్ముడు ఇప్పుడు తీసేస్తే ఆ ఆరేళ్లూ పోయినట్టే, స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసుకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కాగితం) తీసుకుంటే రేపు ఇంకోచోట చేసే నాలుగేళ్లు వీటికి కలుస్తాయి. అలాగే ఐదేళ్లు నిండకుండా 50 వేలు పైన తీస్తే టీడీఎస్ అని ముందే పన్ను కోస్తారు, పాన్ లింక్ చేసుకోండి.

అనంతపురం_డిగ్రీ (సోమవారం, ఉదయం 10:05)

మీరంతా ఉద్యోగం చేసి పోగొట్టుకున్నవాళ్లు, మీకు కనీసం ఒక నంబరుంది ఒక కార్డుంది. అసలు మొదటి ఉద్యోగమే రానివాళ్ల సంగతి ఏంది సామీ? నాకు 2018లో ఏపీ ప్రభుత్వం నిరుద్యోగులకిచ్చిన యువనేస్తం భృతి వచ్చింది, అక్టోబర్ 2న మొదలైంది, నెలకి వెయ్యి, 22 నుంచి 35 ఏళ్ల లోపు డిగ్రీ, డిప్లొమా వాళ్లకి. వెయ్యి అంటే చాలామందికి నవ్వొచ్చు, నాకు మా ఊరి నుంచి అనంతపురం కోచింగ్‌కి బస్సు ఛార్జీ అదే. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపాయ. కోచింగ్ కూడా ఆపేసినా. తెలంగాణలో 2018 ఎన్నికల్లో 3,016 అన్నారు, 2023లో యూత్ డిక్లరేషన్‌లో 4 వేలు అన్నారు, మన దగ్గర 2024లో 3 వేలు అన్నారు. ఎవరు గొప్ప ఎవరు కాదని నేను రాజకీయం మాట్లాడటంలా. ఈఎస్‌ఐ డబ్బుకి చట్టం వెనకాల ఉంది, జీతంలోంచి 0.75 శాతం మీరు, 3.25 శాతం యజమాని కడతారు కాబట్టి అడిగే హక్కుంది. మాకు ఇచ్చేది మేనిఫెస్టోలో ఉంటాది, దాన్ని పట్టుకుని ఏ ఆఫీసులో అడగాల?

మియాపూర్_అక్క (సోమవారం, ఉదయం 10:31)

తమ్ముడూ నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, కానీ నువ్వన్నది నిజం. ఏ కోచింగ్ ఆపేశావు, ఇప్పుడు ఏం చేస్తున్నావు? నాకు మెసేజ్ పెట్టు, మా దగ్గర అప్రెంటిస్‌లని తీసుకుంటున్నప్పుడు చెప్తా.

జగిత్యాల_దుబాయ్ (సోమవారం, రాత్రి 9:50)

గల్ఫ్ పోయేటోళ్లు కూడా ఈ ముచ్చట చదవాలె. నేను దుబాయ్‌ల పదేండ్లు స్టోర్ కీపర్ జేసిన. ఆడ 2023 జనవరి ఫస్ట్ నుంచి ఉద్యోగం పోతే ఇచ్చే ఇన్సూరెన్స్ తప్పనిసరి జేసిన్రు. బేసిక్ 16 వేల దిర్హమ్‌ల లోపు ఉన్నోళ్లకు నెలకు 5 దిర్హమ్‌లే, మనోళ్లంత దాదాపు గా లెక్కలనే వస్తరు. 12 నెలలు వరుసగ కట్టి ఉండాలె, ఉద్యోగం పోతే బేసిక్‌ల 60 శాతం మూడు నెలల దాక ఇస్తరు. ఇండ్లల్ల పనిజేసేటోళ్లకు మాత్రం ఈ స్కీమ్ లేదు.

మా క్యాంపుల ఏమైందంటే కట్టకపోతే 400 దిర్హమ్‌ల ఫైన్ అంటె భయపడి అందరు కట్టిన్రు గని, అది మనకు తిరిగొచ్చే పైసలని ఎవ్వలకు తెల్వది, ఫైన్ లెక్కనే అనుకున్నరు. కంపెనీ బంద్ అయినప్పుడు ఉద్యోగం పోయిన 30 రోజుల్ల క్లెయిమ్ పెట్టాలె, మా రూమ్‌ల ఎనిమిది మందిమి ఉంటె నేనొక్కన్నే పెట్టిన. మిగిలినోళ్లు టికెట్ జేయించుకొని నిజామాబాద్, కోరుట్ల, మెట్‌పల్లి ఎవలూరికి వాళ్లు వచ్చేసిన్రు. దేశం ఇడిచిపెట్టి వస్తె అది రాదు. ఆడ కూడ రిజైన్ లెటర్ ఇస్తె అంతే, రాదు. నీ కథ చదువుతుంటె నాకు గా రోజే యాదికొచ్చింది తమ్మీ, మాకూ గట్లనే కాగితం ఇచ్చిన్రు.

పాలమూరు_మేట్ (మంగళవారం, ఉదయం 6:20)

ఊర్లలో కూడా ఇలాంటి హక్కు ఒకటుండేదని చాలామందికి తెలీదు. 2005 ఉపాధి హామీ చట్టంలో పని అడిగిన 15 రోజుల్లోపు ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు, మొదటి 30 రోజులు కూలి రేటులో కనీసం పావు వంతు, ఆ తర్వాత కనీసం సగం. నేను ఆ పనుల్లో మేట్‌గా (కూలీల హాజరు చూసే మనిషిగా) చేశాను కాబట్టి చెప్తున్నా, పని అడిగినట్టు తేదీ వేసిన రశీదు ఉంటేనే అది అడగ్గలం. మా ఊర్లో ఆడవాళ్లు నోటితోనే అడిగేవాళ్లు, రశీదు ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు, వీళ్లూ అడిగేవాళ్లు కాదు. రశీదు లేకపోతే అడిగినట్టే కాదు కదా.

జీడిమెట్ల_ఆపరేటర్ (తర్వాతి వారం, శుక్రవారం, రాత్రి 10:44)

అన్నలకీ అక్కలకీ, ఏం జరిగిందో చెప్తా. మంగళవారం వెళ్లి సంతకం పెట్టను, మీరు తీసేస్తున్నారని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి అన్నా. గొంతు వణికింది, అక్క రాసిన 15 రోజుల లెక్క చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్లా. గంటసేపు బయట కూర్చోబెట్టారు. సంతకం పెట్టనోళ్లం నలుగురం కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాం, దాని కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. నిన్న ఫోన్ చేసి పిలిచారు, ఆర్డర్లు లేక రిట్రెంచ్ చేస్తున్నాం అని లెటర్ ఇచ్చారు, నోటీసు నెల జీతం, పరిహారం రెండూ చెక్కులో రాశారు.

ఈరోజు ఈఎస్‌ఐ బ్రాంచ్‌కి వెళ్లి లెటర్ చూపించా. కౌంటర్‌లో మేడం రాజీవ్ గాంధీ స్కీమ్‌కి పెట్టుకోమని ఫారం ఇచ్చారు, అటల్ స్కీమ్ అని నేను అడగబోతే ఈ లెటర్ ఉంటే ఇదే మంచిది బాబూ అన్నారు. ఆధార్‌లో, ఈఎస్‌ఐలో నా పేరు ఒకేలా ఉందో లేదో ఫిట్టర్ అన్న చెప్పినట్టు ముందే చూసుకున్నా, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉంది, కంపెనీ గేటు దాటకముందే సరిచేయించుకున్నా. అమ్మకి నెల మందులు తీసుకొచ్చా, కౌంటర్‌లో ఏమీ అనలేదు.

బాలానగర్_వెల్డర్ (శుక్రవారం, రాత్రి 11:30)

బ్రదర్ ఇప్పుడే మొత్తం చదివా. నాది సేమ్ ఇదే, కానీ నేను నిన్న సాయంత్రం సంతకం పెట్టేశా. ఇంక చేసేదేం లేదా?

జీడిమెట్ల_ఆపరేటర్ (శుక్రవారం, రాత్రి 11:41)

అన్నా పడుకోకుండా ఇప్పుడే కంపెనీ మెయిల్‌కి రాయి, నాతో ఒత్తిడి చేసి సంతకం పెట్టించుకున్నారు, నేను సొంతంగా మానేయలేదు, ఆ లెటర్ వెనక్కి తీసుకుంటున్నా అని, టైంతో సహా. తెలుగులో రాసినా పర్లేదు. పొద్దున అదే ప్రింట్ తీసి రిజిస్టర్ పోస్టులో పంపు, రశీదు దాచు. లేబర్ ఆఫీసులో మేం ఇచ్చిన అర్జీ ఫోటో నీకు మెసేజ్‌లో పెడుతున్నా, అందులో మా పేర్లు తీసి నీవి పెట్టుకో. మాలో సంతకం పెట్టిన ఏడుగురు కూడా సోమవారం పదిన్నరకి లేబర్ ఆఫీసుకే వస్తున్నారు, నువ్వూ రా, గేటు పక్కన టీ కొట్టు దగ్గర ఉంటాం.